స్వీయ నియంత్రణ, స్వీయ సెన్సారు: తెలుగు ముద్రణలోను, వార్తా భాషలోను విభజన రేఖ

ప్రస్తావన

సెన్సారు అనగానే తెలుగు సాహిత్య చరిత్రకారునికి ముందుగా స్ఫురించేవి ప్రభుత్వ ఉత్తర్వులు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల మీద, ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ మీద వలస పాలనా కాలంలో వచ్చిన నిషేధాలు సాహిత్య చరిత్ర గ్రంథాలకు ఎక్కాయి. వాటికి తేదీలున్నాయి, చూపిన కారణాలున్నాయి, ఎదిరించిన వారి పేర్లున్నాయి. ఏ ఉత్తర్వూ లేకుండా ఆగిపోయిన మాటకు ఇవేవీ ఉండవు. అందువల్ల స్వీయ సెన్సారు గురించిన చర్చ తరచు రెండు అతులలో ఏదో ఒకదానికి చేరుతుంది. చెప్పకుండా వదిలిన ప్రతిదీ స్వీయ సెన్సారేనన్నది ఒక అతి. అలా అంటే మర్యాద, సంక్షిప్తత, కావ్యశిల్పం అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. పై నుంచి ఒత్తిడి ఉన్నట్లు రుజువైతే తప్ప స్వీయ సెన్సారు లేదనడం రెండవ అతి. అలా అంటే ఆ పదానికి పనే మిగలదు. ఎందుకంటే ఒత్తిడి వచ్చేలోపే పని ముగించడం దాని స్వభావం.

ఈ రెండింటి మధ్య ఆధారాలతో గుర్తించగల ఒక విభజన రేఖ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వదిలివేసిన అంశం కన్నా, వదిలిన తీరు ఈ నిర్ణయంలో ముఖ్యమని చూపడం దీని ఉద్దేశం. ఇందుకు ఒక కావ్య ముద్రణ చరిత్రను, వార్తాపత్రికల భాషను, నిత్య వ్యవహారంలోని కొన్ని ప్రయోగాలను పరిశీలిస్తుంది.

1. లక్షణ నిర్ణయం

స్వీయ సెన్సారుకు లోపలి లక్షణాలు రెండు. ఒక విషయం నిజమనీ, చెప్పదగినదనీ వక్తకు తెలిసి ఉండాలి. దానిని ఆపడానికి తనకు కలుగబోయే నష్టం గురించిన భయం కారణమై ఉండాలి. మొదటిది లేనిచోట ఉన్నది అజ్ఞానం. రెండవది లేనిచోట ఉన్నది వివేచన. క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఔచిత్యాన్ని రసానికి ప్రాణంగా ప్రతిపాదించాడు. ఆ దృష్టితో కవి ఒక వర్ణనను వదిలితే, దానివల్ల కావ్యానికి మేలు జరుగుతుంది. స్వీయ సెన్సారు వల్ల కావ్యానికి కలిగే మేలు లేదు, కర్తకు కలిగే క్షేమం తప్ప.

అలాగే చట్టం కోరిన మౌనాన్ని కూడా వేరు చేయాలి. అత్యాచార బాధితురాలి పేరును ప్రచురించరాదని భారత శిక్షాస్మృతిలో 1983లో చేర్చిన 228-ఎ సెక్షన్ విధించింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ అదే పని చేస్తున్నది. ఆ పేరును ఆపిన విలేకరి ఒక బలహీనురాలిని కాపాడుతున్నాడు. ఎవరి క్షేమం కోసం మాట ఆగిందన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం స్పష్టం.

అయితే భయం, ఎరుక రెండూ మనోగతాలు. రచయిత మనసులోకి పరిశోధకునికి ప్రవేశం లేదు. కనుక వీటిని పట్టి ఇచ్చే బయటి ఆనవాళ్లు కావాలి. అవి మూడు. ఒకటి, గుర్తు లేకపోవడం: తొలగింపు జరిగిందన్న జాడ పాఠంలో మిగలదు, మిగిలినదే సమగ్రమని పాఠకుడు భావిస్తాడు. రెండు, పక్షపాతం: ఒకే రకమైన విషయం బలహీనుని దగ్గర బయటికి వస్తుంది, బలవంతుని దగ్గర ఆగుతుంది. మూడు, గడువు లేకపోవడం: విషయం రుజువైన తరువాత కూడా ఆ మౌనం వీడదు. స్వీయ నియంత్రణ సాధారణంగా తన ఉనికిని దాచదు, అందరికీ ఒకే తీరుగా వర్తిస్తుంది, అవసరం తీరగానే తొలగుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన నిర్ణయానికి రాకూడదు. రెండు మూడు కలిసినప్పుడు అనుమానానికి బలం చేకూరుతుంది.

2. ‘రాధికా సాంత్వనము’: రెండు రకాల తొలగింపులు

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ ముద్రణ చరిత్ర ఈ భేదానికి చక్కని నిదర్శనం. సి.పి. బ్రౌన్ సహచరుడైన పైడిపాటి వెంకటనరసు 1887లో ఈ కావ్యాన్ని పరిష్కరించి అచ్చువేయించాడు. అందులో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న అవతారిక భాగమూ లేదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతితో పోల్చి చూసి, సమగ్ర పాఠాన్ని వావిళ్ల వారి ద్వారా వెలువరించారు. కందుకూరి వీరేశలింగం ఈ కావ్యంలోని శృంగారాన్ని స్త్రీ నోట రాదగనిదిగా తప్పుపట్టారు. పురుషుల కావ్యాల్లో ఒప్పుకొన్న శృంగారం స్త్రీ కావ్యంలో ఎందుకు దోషమయిందని నాగరత్నమ్మ ప్రశ్నించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వాధినేతగా ఉన్న 1946–47 కాలంలో ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు మళ్లీ ముద్రించారు.

ఈ చరిత్రను చెప్పేవారు 1911 నాటి నిషేధం దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. కాని స్వీయ సెన్సారు దృష్టితో 1887 మరింత కీలకం. నిషేధానికి ఒక ఉత్తర్వు ఉంది. కనుక ప్రచురణకర్తలు విన్నపాలు చేయగలిగారు, పండితులు నిరసన చెప్పగలిగారు, దశాబ్దాల తరువాతనైనా ఒక ప్రభుత్వం దానిని రద్దు చేయగలిగింది. 1887 నాటి తొలగింపు మీద విన్నవించుకోవడానికి ఎవరూ లేరు; అది జరిగిందన్న సంగతి వ్రాతప్రతి చూడనివారికి తెలియదు. చదివినవారికి చేతిలో ఉన్నదే ముద్దుపళని కావ్యం. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి ఉండకపోతే ఆ కావ్యానికి నిషేధమే అవసరం అయ్యేది కాదు. సగం పని అప్పటికే నిశ్శబ్దంగా ముగిసింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. ఒకరి కావ్యాన్ని మరొకరు కత్తిరిస్తే అది ‘స్వీయ’ సెన్సారు ఎలా అవుతుంది? పరిష్కర్త కూడా కర్తే అన్నది దీనికి సమాధానం. ముద్రిత ప్రతి అతని కృతి. దాని మీద వచ్చే మంచిచెడ్డలు అతనివి. ప్రభుత్వం ఆదేశించక ముందే లోకం ఏమనుకుంటుందో ఊహించి అతడు తన కృతిని కుదించాడు. అతని ఆంతర్యం భయమో, అభిరుచో నేడు నిర్ధారించలేం. కాని ఆనవాళ్లు పరిశీలించదగినవి. అశ్లీలమన్న కారణం శృంగార పద్యాలకు వర్తించవచ్చు. వంశ వర్ణనకు వర్తించదు. ఒక గణిక తన కులంలోని కవయిత్రులను సగౌరవంగా స్మరించుకోవడంలో అశ్లీలం లేదు. ఆనాటి మర్యాదస్తుల సాహిత్య చరిత్రకు ఇబ్బంది మాత్రం ఉంది. నీతి పేరుతో మొదలైన కత్తిరింపు సామాజిక గౌరవం దాకా సాగడం ‘పక్షపాతం’ అన్న ఆనవాలుకు సరిపోతుంది.

పోలిక కోసం తెలుగు ప్రబంధ ముద్రణలలో కనిపించే చుక్కల ఆచారాన్ని గమనించాలి. కొందరు ప్రకాశకులు ఇబ్బందికరమనుకున్న పాదం బదులు చుక్కలు వేశారు. పాఠకునికి ఆ చుక్కలు చిరాకు కలిగించి ఉండవచ్చు. కాని అవి నిజాయితీ గల చుక్కలు. ఇక్కడ ఒకటి ఉంది, మేము వేయలేదు అని అవి చెప్తాయి. ఆసక్తి గలవాడు వ్రాతప్రతిని వెతుక్కుంటూ వెళ్లగలడు. చుక్కలు ఉన్నచోట తొలగింపు ఉంది, మోసం లేదు.

3. ఖాళీ జాగా

పత్రికల చరిత్రలో చుక్కలకు సమానమైనది ఖాళీ జాగా. 1910 నాటి పత్రికా చట్టం కొత్తగా ముద్రణాలయం పెట్టేవారి నుంచి 500 నుంచి 2,000 రూపాయల వరకు ధరావతు కోరే అధికారం ఇచ్చింది. అభ్యంతరకరమైన రాత వెలువడితే ఆ సొమ్మును ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. అంతకు రెండేళ్ల ముందే గాడిచర్ల హరిసర్వోత్తమరావు ‘స్వరాజ్య’ పత్రికలో వెలువడిన రచనకు జైలు శిక్ష పొందారు. జైలు శిక్ష సంపాదకుణ్ణి బెదిరిస్తుంది. ధరావతు అచ్చుయంత్రం యజమానిని బెదిరిస్తుంది. రాజకీయ విశ్వాసంతో నిమిత్తం లేని వ్యాపారి ఆ విధంగా ప్రతి పుటకూ తొలి పరీక్షాధికారి అయ్యాడు. సెన్సారు పనిని ప్రజల చేతనే, వారి సొంత ఖర్చుతో చేయించే యంత్రాంగం ఇది. 1922లో ఆ చట్టం రద్దయినా, ఆ పద్ధతి రూపాలు మార్చుకుని కొనసాగింది.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించిన వెంటనే పత్రికలకు ముందస్తు సెన్సారు అమలయింది. జూన్ 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ తన సంపాదకీయం స్థలాన్ని ఖాళీగా వదిలింది. తరువాత జారీ అయిన మార్గదర్శకాలు ఆ ఖాళీలను కూడా అనుమతించలేదు. మహనీయుల సూక్తులతో ఆ స్థలాన్ని నింపడాన్ని సైతం అడ్డుకున్నాయి. ఒక్క అక్షరం లేని జాగా ప్రభుత్వాన్ని ఎందుకు కలవరపెట్టింది? తొలగింపు కన్నా తొలగింపు గుర్తు ప్రమాదకరమని అధికారం గ్రహించింది. ఖాళీని నిషేధించిన క్షణంలో సెన్సారు తన అసలు లక్ష్యాన్ని బయటపెట్టుకుంది: ఏమీ తొలగించలేదన్నట్లు కనిపించే పుట దానికి కావాలి. స్వీయ సెన్సారు అధికారానికి అడగకుండానే సమకూర్చిపెట్టే పుట అదే.

4. వార్తా భాషలో వ్యాకరణ రూపాలు

అత్యవసర పరిస్థితి 1977 మార్చిలో ముగిసింది. నేటి తెలుగు పత్రికకు రోజువారీ ఉత్తర్వులు లేవు. కాని వార్తా భాషలో స్థిరపడిన కొన్ని ప్రయోగాలను పరిశీలిస్తే గుర్తు లేని మౌనం వ్యాకరణంగా ఎలా మారిందో తెలుస్తుంది.

మొదటిది ‘ఓ’ అనే అనిశ్చయ విశేషణం. ‘నగరంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం వికటించి మహిళ మృతి’ అన్న మాదిరి శీర్షిక పాఠకులకు సుపరిచితం. దాని కింద వార్తలో మృతురాలి పేరు, వయసు, భర్త పేరు, ఊరు, మండలం ఉంటాయి. ఆసుపత్రి మాత్రం ‘ఓ’ దగ్గర ఆగుతుంది. ‘ఓ కార్పొరేట్ కళాశాల’ సంగతీ ఇంతే. పరువునష్టం దావా భయం నిజమైనదే. ఆరోపణ తేలకముందు పేరు వేయకపోవడం న్యాయమైన జాగ్రత్త కూడా. పైన చెప్పిన ఆనవాళ్లు ఇక్కడ పనికి వస్తాయి. అదే ఆరోపణ పల్లెటూరి ఆర్‌ఎంపీ మీద వచ్చినప్పుడు పేరు వెంటనే అచ్చయితే, ఆ జాగ్రత్త అందరికీ వర్తించేది కాదని తేలుతుంది. కేసు నమోదై, విచారణ పూర్తయిన తరువాత కూడా ‘ఓ’ అలాగే ఉంటే, దానికి గడువు లేదని తేలుతుంది. మొదటి పుటలోని ప్రకటనకూ లోపలి పుటలోని ‘ఓ’కూ ఉన్న సంబంధం పాఠకునికి ఎవరూ చెప్పరు.

రెండవది క్రియా స్వరూపం. ‘వైద్యం వికటించింది’ అన్న వాక్యంలో వైద్యమే కర్త. వైద్యుడు వాక్యంలో లేడు. ‘ఆరోపణలు వెల్లువెత్తుతున్నాయి’, ‘విమర్శలు వినిపిస్తున్నాయి’, ‘తెలిసింది’, ‘సమాచారం’ అన్నవీ ఇటువంటివే. ఆరోపించినవాడు లేడు, విమర్శించినవాడు లేడు, తెలుసుకున్నవాడు లేడు. తెలుగులో కర్మణి ప్రయోగం సహజం కాదని వ్యాకర్తలు చెప్పే మాట సరైనదే. అయితే కర్తను దాచడానికి తెలుగుకు కర్మణి అక్కరలేదు; అకర్మక క్రియలే ఆ పనిని ఎంతో సునాయాసంగా చేస్తాయి. ఒక లోపం జరిగిందని చెప్తూనే చేసినవారు లేరనిపించే వాక్యం నిర్మాణంలో నిర్దుష్టం. ఆ నిర్దుష్టతే దాని మీద అనుమానం రానివ్వదు.

మూడవది ‘సామాజిక వర్గం’ అన్న మాట. మత ఘర్షణల వార్తల్లో ఉద్రిక్తత పెరగకుండా ‘రెండు వర్గాలు’ అని రాయడం సమంజసమైన నియంత్రణ. కులం పేరును కించపరిచే సందర్భంలో వాడరాదని ప్రెస్ కౌన్సిల్ నియమాలూ సూచిస్తాయి. కాని ఎన్నికల విశ్లేషణల్లో నియోజకవర్గాల వారీగా కులాల పేర్లు, లెక్కలు బాహాటంగా అచ్చవుతాయి. టికెట్ల పంపిణీలో పేరు పలికిన కులమే దాడి వార్తకు వచ్చేసరికి ‘ఒక సామాజిక వర్గానికి చెందినవారు’గా మారితే, ఆ మాట శాంతిని కాపాడుతున్నదనలేం. అక్కడ బాధితుల కులం పేరు ఉంటుంది, దాడి చేసినవారి కులం పేరు ఉండదు. కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల తరువాత వెలువడిన దళిత సాహిత్యం, ‘చిక్కనవుతున్న పాట’ (1995) వంటి సంకలనాలు కులం పేరును నేరుగా ఉచ్చరించడాన్ని కావ్య ధర్మంగా స్వీకరించాయి. ఆ కవిత్వంలోని పరుషత్వాన్ని కొందరు విమర్శకులు శిల్పలోపంగా చూశారు. వార్తా భాష దాచిన కర్తను వాక్యంలోకి తిరిగి తెచ్చే ప్రయత్నంగా చూస్తే, ఆ పరుషత్వం శిల్పంలో భాగమని అర్థమవుతుంది. స్త్రీవాద కవిత్వానికీ ఇది వర్తిస్తుంది. ‘నీలిమేఘాలు’ (1993) సంకలనం చుట్టూ వచ్చిన అశ్లీలతా వివాదం ముద్దుపళని మీద వచ్చిన ఆక్షేపణకు దూరమైనదేమీ కాదు.

5. నిత్య వ్యవహారం

పత్రికలకు ఈ ఉపాయాలు ఎక్కడి నుంచో రాలేదు. నిత్య వ్యవహారంలో వీటి మూలాలున్నాయి. ‘గోడలకు చెవులుంటాయి’, ‘పెదవి దాటితే పృథివి దాటుతుంది’ అన్న సామెతలు మాటకు కాపలా అవసరమని నేర్పుతాయి. ‘యథార్థవాది లోకవిరోధి’ అన్నది ఆ కాపలా లేనివాని గతి చెప్తుంది. ‘అట’ అన్న నిపాతం విన్న మాటను విన్నట్లుగా చెప్పడానికి పుట్టింది. ‘వాళ్లబ్బాయి ఉద్యోగం మానేశాడట’ అన్నప్పుడు వక్త తన జ్ఞానానికి హద్దు చూపుతున్నాడు, ఇది నిజాయితీ. కళ్లారా చూసినవాడు సాక్ష్యం చెప్పవలసివచ్చినప్పుడు ‘ఏదో గొడవ జరిగిందట’ అంటే, అదే నిపాతం ఎరుకను దాచే తెర అవుతుంది. ఒకే రూపం, రెండు ధర్మాలు.

భర్త పేరు పలకకుండా ‘మావారు’ అనడం ఆచారం. వినేవారికి ఆ వ్యక్తి ఎవరో తెలుసు, దాచినది ఏదీ లేదు. అత్తవారింట్లో ఉన్న కూతురు ఫోనులో తల్లితో ‘బాగానే ఉన్నాను’ అనడం మరింత జటిలమైన ఉదాహరణ. తల్లి బాధపడకూడదని అన్నదైతే అది ప్రేమ. పక్క గదిలోని వారు వింటారని అన్నదైతే స్వీయ సెన్సారు. మాట ఒకటే. ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె మరోలా చెప్తుందా అన్నదే ఇక్కడ తేల్చే ప్రశ్న. శ్రోతను బట్టి సత్యం మారుతున్నప్పుడు ఆ మార్పు ఎవరి ఉనికి వల్ల వస్తున్నదో గమనించాలి. తెలుగులో ఆ ‘-నే’ అన్న అవధారణమే కొన్నిసార్లు తల్లికి చుక్కల వరుసలా పనిచేస్తుంది. ‘బాగున్నాను’ అనకుండా ‘బాగానే ఉన్నాను’ అన్నదని ఆమె పసిగడుతుంది.

వాట్సాప్ సమూహాల వాడుక ఈ భేదాన్ని సాంకేతికంగా కూడా చూపుతుంది. పంపిన సందేశాన్ని అందరికీ కనపడకుండా చెరిపివేస్తే, తొలగించినట్లు ఒక సూచన అక్కడ మిగులుతుంది. సమూహంలోని వారు కారణం అడగగలరు. టైపు చేసి, పై అధికారి కూడా ఆ సమూహంలో ఉన్నాడని గుర్తుకు వచ్చి పంపకుండానే చెరిపిన వాక్యానికి ఆ సూచన లేదు. రోజూ జరిగే స్వీయ సెన్సారులో అధిక భాగం ఈ రెండవ కోవకు చెందినది.

6. ఒక అభ్యంతరం, ఒక ప్రతి ఉదాహరణ

ఇలా గుర్తించడం బలహీనుల మీద నింద మోపడం కాదా అన్న అభ్యంతరం సహేతుకమైనది. భూస్వామి పేరు చెప్పని కౌలుదారును, ప్రకటనలు తేవలసిన బాధ్యత కూడా మోసే మండల విలేకరిని, సంపన్నమైన సంస్థ యజమానిని ఒకే గాటన కట్టలేం. లక్షణం కుదిరినంతలో అపరాధం సమానం కాదు. స్వీయ సెన్సారు ఉందని నిర్ణయించడం రోగ నిర్ధారణ వంటిది; అది భయం ఎక్కడ నుంచి వీస్తున్నదో చూపుతుంది. మాట్లాడితే పొట్ట గడవనివాని మౌనం ఎదుటివాని బలానికి కొలమానం. కాపాడుకొనే శక్తి ఉండి కూడా మౌనం వహించిన వాని విషయంలోనే నింద ప్రసక్తి వస్తుంది.

భయాన్ని దాచకుండా భయపడడం సాధ్యమేనని తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ ఉదంతం చూపుతుంది. ‘మాదొరుభాగన్’ నవల మీద వచ్చిన ఆందోళనల తరువాత, 2015 జనవరిలో రచయితగా తాను మరణించినట్లు ఆయన ప్రకటించారు. 2016 జూలై 5న మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. తిరిగి రాసినప్పుడు ఆయన ఎంచుకున్నది ఒక మేకపిల్ల కథ, ‘పూనాచ్చి’. మనుషుల గురించి, దేవుళ్ల గురించి రాయడానికి భయమని దాని ముందుమాటలోనే తెలిపారు. ఆ రచన భయం వల్ల రూపు మారినదే; కాని మార్పును పాఠకునికి చెప్పి మరీ మారింది. ఆ ముందుమాట చుక్కల వరుస వంటిది. అది చదివిన పాఠకుడు మేకపిల్ల వెనుక మనుషులను వెతుకుతాడు. భయం అక్కడ రచనను ఓడించలేదు, దానికి కొత్త అర్థాన్ని కట్టబెట్టింది.

ముగింపు

స్వీయ సెన్సారును చెప్పని విషయాల పట్టికగా కాక, చెప్పకపోవడాన్ని దాచే పద్ధతిగా నిర్వచిస్తే దానిని పాఠంలోనే పరిశీలించడం వీలవుతుంది. గుర్తు లేకపోవడం, పక్షపాతం, గడువు లేకపోవడం అన్న మూడు ఆనవాళ్లు కావ్య ముద్రణకూ, వార్తకూ, ఇంటి మాటకూ వర్తిస్తాయని పై పరిశీలన చూపుతున్నది.

తెలుగు పరిశోధనకు దీనివల్ల ఒక బాధ్యత ఏర్పడుతున్నది. విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన కావ్యాల మీద సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా ముద్రిత ప్రతుల ఆధారంగానే వెలువడుతున్నాయి. ఆ ప్రతులలో ఏది గుర్తులతో తగ్గించినది, ఏది గుర్తు లేకుండా తగ్గించినది అన్న విచారణ పాఠ పరిష్కరణలో భాగం కావాలి. పాఠ్య పుస్తకాలకు ఎంపిక చేసిన భాగాల్లో మధ్యలో వదిలిన పద్యాల సంఖ్యలను చూపడం సంపాదకులకు పెద్ద శ్రమ కాదు. జానపద గేయాలను, మౌఖిక కథనాలను సేకరించేవారు బూతుగా తోచి వదిలిన చరణాన్ని వదిలినట్లు రాయడం శాస్త్ర మర్యాద. ఇంటర్వ్యూలలో కులం పేరు, ఊరిపెద్ద పేరు వక్తల క్షేమం కోసం మార్చినప్పుడు, మార్చినట్లు చెప్పడం కూడా అంతే అవసరం.

అన్నిటినీ ప్రచురించడం ఎవరికీ సాధ్యం కాదు, అన్ని వేళలా ధర్మమూ కాదు. తొలగించిన చోట చుక్కలు పెట్టడం మాత్రం సాధ్యమే. వెంకటనరసు 1887లో ఆ పని చేసి ఉంటే, ముద్దుపళని వంశ చరిత్ర కోసం తెలుగు పాఠకులు 23 ఏళ్లు ఆగవలసి వచ్చినా, దాని కోసం ఎదురుచూడాలన్న సంగతైనా వారికి తెలిసి ఉండేది.